.32 చాలదా? చేతి తుపాకీ తూటాల ఎంపికలో చట్టం, లెక్క, సాధన

చెన్నై జార్జిటౌన్‌లో, కొత్వాల్ చావిడి చుట్టుపక్కల తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. వ్యాపారమంతా నగదు మీదే నడిచిన రోజుల్లో మా చిన్నాన్న లైసెన్సు తీసుకుని కాన్పూరులో తయారైన .32 రివాల్వర్ ఒకటి కొన్నారు. ఇప్పుడాయనకు 70 ఏళ్లు నిండాయి. ఆ వయసు దాటిన లైసెన్సుదారు తన ఆయుధాన్ని వారసుడి పేరు మీదికి మార్పించుకునే వీలు 2016 ఆయుధ నియమావళిలోని 25వ నియమం కల్పిస్తుంది కనుక, కొడుకు పేరున, అంటే మా తమ్ముడి పేరున, దరఖాస్తు సిద్ధం చేస్తున్నారు. ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్న రోజు ఆ తమ్ముడే నన్నొక ప్రశ్న అడిగాడు. "అక్కా, లోకమంతా నైన్ ఎంఎం అంటుంటే మనం ఇంకా ఈ థర్టీటూ పట్టుకుని ఎందుకు కూర్చోవాలి? ఎలాగూ మార్పిస్తున్నాం కదా, పెద్దది తీసుకుంటే పోలా?"

కొన్నేళ్లుగా రేంజ్‌లో, అంటే కాల్పుల సాధనకు కేటాయించిన చోట, .22 పిస్టల్‌తో సాధన చేస్తున్నదాన్ని కనుక నన్ను అడిగాడు. ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేకపోయింది. ఎందుకంటే అందులో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి: చట్టం దేన్ని ఒప్పుకుంటుంది, "పెద్దది" అంటే అసలు ఏమిటి, కొన్నదానితో ఏడాదికి ఎన్నిసార్లు కాల్చి చేయి కుదుర్చుకోగలం. ఈ మూడింటినీ విడదీయకుండా కాలిబర్ గురించి ఎంత మాట్లాడుకున్నా తేలేది ఏమీ ఉండదు.

పేరులోని అంకె కొలత కాదు

ముందు మాటలు తేల్చుకుందాం. తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి కేసు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతిని మూసి కూర్చునే గుండు. తుపాకీ నుంచి బయటికి వెళ్లేది గుండు ఒక్కటే. మన మాటల్లో తూటాను గుండు అనీ గుండును తూటా అనీ అనేస్తుంటాం కానీ, ఈ వ్యాసంలో ఆ రెంటినీ వేరుగానే ఉంచుతాను.

కాలిబర్ అన్నా, మన లైసెన్సు పుస్తకాల్లో కనిపించే బోర్ అన్నా, స్థూలంగా తుపాకీ గొట్టం లోపలి వ్యాసం. ఇంగ్లండు, అమెరికా పద్ధతిలో దాన్ని అంగుళంలో భాగంగా చెబుతారు, యూరప్ పద్ధతిలో మిల్లీమీటర్లలో చెబుతారు. ఇంతవరకు తేలికే. తికమక ఎక్కడ మొదలవుతుందంటే, పేరులో ఉన్న అంకె చాలాసార్లు నిజమైన కొలత కాదు. .32 తూటాలోని గుండు వ్యాసం 0.312 అంగుళాలు, అంటే 7.9 మిల్లీమీటర్లు. .38 స్పెషల్ గుండు వ్యాసం 0.357 అంగుళాలు, అంటే దాదాపు 9.07 మిల్లీమీటర్లు. 9 ఎంఎం గుండు 9.01 మిల్లీమీటర్లు. పేర్లు చూస్తే .38కీ 9 ఎంఎంకీ ఎంతో దూరం ఉన్నట్టు తోస్తుంది కానీ, వ్యాసంలో ఆ రెండూ అన్నదమ్ములే. పాతకాలపు .38 తూటాల్లో గుండు కేసుతో సమానమైన లావుండేది. తరవాత గుండు సన్నబడి కేసు లోపలికి చేరింది, పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

మరో తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. .32, 9 ఎంఎం వంటి తూటాల్లో ప్రైమర్ కేసు అడుగున నడిమధ్య ఉంటుంది. .22లో విడిగా ప్రైమర్ ఉండదు. కేసు అడుగు అంచు మడతలోనే నిప్పు పుట్టించే పదార్థాన్ని పూస్తారు. ఆ పూత చుట్టూ సమంగా పరుచుకోకపోతే, తుపాకీలోని సూది తగిలిన చోట పదార్థం లేకపోతే, తూటా పేలదు. మంచి తయారీదారుల దగ్గర కూడా .22 అప్పుడప్పుడు మొరాయించడానికి కారణం ఇదే. సాధనలో ఇది చిన్న చికాకుతో పోతుంది. ఆత్మరక్షణ అనేసరికి దాని బరువే మారిపోతుంది.

రెండు .32లు ఒకటి కావు

మన దేశంలో "థర్టీటూ" అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు తూటాలు చలామణీలో ఉన్నాయి. ఒకటి రివాల్వర్‌లో, అంటే తిరిగే సిలిండర్ గదుల్లో తూటాలు పెట్టే తుపాకీలో, వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) లాంగ్. 1896లో వచ్చింది. కేసు పొడవు 23 మిల్లీమీటర్ల పైచిలుకు, అడుగున స్పష్టమైన అంచు, ఆ అంచు ఆసరాతోనే సిలిండర్ గదిలో నిలబడుతుంది. రెండోది పిస్టల్‌లో, అంటే మ్యాగజైన్ అనే పెట్టె నుంచి తూటాలు అందుకునే తుపాకీలో, వాడే .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్). జాన్ బ్రౌనింగ్ రూపొందించినది, 1899 నాటిది. దాన్నే 7.65 బ్రౌనింగ్ అని కూడా అంటారు. దాని కేసు పొడవు 17 మిల్లీమీటర్లు, అంచు ఉన్నా ఉండీ లేనట్టు ఉంటుంది.

గుండు వ్యాసం రెంటికీ ఒకటే. అందువల్లే పొట్టిదాన్ని పొడుగుదాని గదిలో పెట్టి కాల్చవచ్చని కొందరికి ఆలోచన వస్తుంది, పెడితే కొన్ని రివాల్వర్లలో కూర్చుంటుంది కూడా. ఆ పని చేయకూడదు. అమెరికా పరిశ్రమ ప్రమాణాల్లో .32 లాంగ్‌కు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు, .32 ఏసీపీకి 20,500 పౌండ్లు. పాత రివాల్వర్‌ను తయారుచేసిన చేతులు మొదటి అంకెను మనసులో ఉంచుకునే ఉక్కు మందాన్ని నిర్ణయించాయి. లైసెన్సు మీద ".32" అని రాసి ఉంటే దాని పక్కన రివాల్వర్ అని ఉందా, పిస్టల్ అని ఉందా అని చూసిన తరవాతే తూటాల మాట ఎత్తాలి.

నిషిద్ధ బోర్: గీత ఎక్కడ, ఎందుకు

మా తమ్ముడి ప్రశ్నకు అసలు అడ్డం వచ్చేది ఇక్కడ. 1959 ఆయుధ చట్టం, దాని కింద వచ్చిన 2016 నియమావళి తుపాకులను తరగతులుగా విడదీస్తాయి. పౌరులు మామూలుగా పొందలేనివి ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషిద్ధ బోర్. మిగిలినవి నాన్ ప్రొహిబిటెడ్ బోర్. లైసెన్సు వ్యవహారాలు తెలిసినవాళ్లు పీబీ, ఎన్‌పీబీ అని పొట్టిగా అంటారు. నియమావళి మొదటి షెడ్యూలు ప్రకారం .380, .455 అంచు తూటాలను గానీ, సైన్యం వాడే 9 ఎంఎం, అంచు లేని .45 తూటాలను గానీ పెట్టి కాల్చగలిగిన పిస్టల్ లేదా రివాల్వర్ ఏదైనా నిషిద్ధ బోర్ కిందికే వస్తుంది. అలాంటి ఆయుధానికి అనుమతి కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. మిగిలిన వాటికి, చెన్నై వంటి నగరంలో, లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్.

ఈ జాబితాను శ్రద్ధగా చదివితే ఒక విషయం తెలుస్తుంది. ఇందులో శక్తి ప్రస్తావన లేదు. ఇన్ని జౌళ్లకు (శక్తిని కొలిచే ప్రమాణం) మించకూడదని ఎక్కడా రాయలేదు. .380, .455 బ్రిటిష్ కాలపు సైనిక రివాల్వర్ల తూటాలు, 9 ఎంఎం ఇప్పటి బలగాల తూటా. ప్రభుత్వ బలగాల తూటాలు బయటికి జారినా పౌరుల చేతిలోని తుపాకుల్లో పనికిరాకూడదన్నదే దీని వెనకున్న ఆలోచన. .32కు అనుమతి ఉన్నది అది తక్కువ ప్రమాదకరమని ఎవరో తూచి చెప్పినందువల్ల కాదు, అది ఆ వరసలో లేదు కనుక.

దీని మీద రెండు వాదాలున్నాయి, రెండూ వినదగినవే. ప్రపంచమంతటా పోలీసులకూ పౌరులకూ 9 ఎంఎం ప్రమాణంగా మారిందని, తూటాల నాణ్యత మీద పరిశోధన అంతా దాని చుట్టే జరుగుతోందని, భారత పౌరుడు వందేళ్ల కిందటి తూటాకు కట్టుబడి ఉండాల్సి వస్తోందని ఒక వర్గం అంటుంది. తూటాల దొంగతనం, అక్రమ చలామణీ ఉన్న దేశంలో, బలగాల తూటాకూ పౌరుల తూటాకూ తేడా ఉంటే నేరం జరిగిన చోట దొరికిన ఖాళీ కేసు ఒక్కటే దర్యాప్తుకు దారి చూపుతుందని రెండో వర్గం అంటుంది. నా వరకు రెండో వాదంలో బలం ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఆ బలం తూటాల లెక్క ఎంత కచ్చితంగా ఉంటుందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

2019 సవరణ తరవాత ఒక వ్యక్తికి గరిష్ఠంగా రెండు తుపాకులే, లైసెన్సు గడువు ఐదేళ్లు. ఆయుధాన్ని భద్రంగా వాడటంలోనూ దాచుకోవడంలోనూ శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కావాలి. కాబట్టి ఆచరణలో, ఆత్మరక్షణ పేరున లైసెన్సు పొందిన నగరవాసి ముందు ఉండే ఎంపిక ఎక్కువగా .32 రివాల్వర్, .32 పిస్టల్, .22. మన దుకాణాల్లోని దేశీయ రివాల్వర్లూ తూటాలూ చాలాకాలం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల నుంచే వచ్చాయి. 2021 అక్టోబరు 1న ఆ ఫ్యాక్టరీలను నడిపిన బోర్డును ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడదీశాక తుపాకుల తయారీ ఒక సంస్థకు, తూటాల తయారీ మరో సంస్థకు వెళ్లాయి.

గుండులో ఎంత శక్తి ఉంటుంది

గుండు శక్తిని లెక్కగట్టడానికి హైస్కూలు సూత్రం చాలు: బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. .32 లాంగ్ గుండు బరువు 6.35 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 215 మీటర్లు. లెక్క కడితే 147 జౌళ్లు వస్తుంది. .32 ఏసీపీ గుండు 4.6 గ్రాములే అయినా వేగం 276 మీటర్లు కనుక 175 జౌళ్లు. .22 గుండు 2.6 గ్రాములు, పిస్టల్ నుంచి 300 మీటర్ల వేగంతో వెళితే 117 జౌళ్లు. ఇక 9 ఎంఎం: 8 గ్రాములు, 350 మీటర్లు, 490 జౌళ్లు. .45 ఏసీపీ గుండు దాదాపు 15 గ్రాములు ఉన్నా వేగం 255 మీటర్ల దగ్గరే ఆగుతుంది కనుక దాని శక్తి కూడా 9 ఎంఎం దరిదాపుల్లోనే ఉంటుంది. గొట్టం పొడవును బట్టి, తయారీదారును బట్టి ఈ అంకెలు కొంత అటూఇటూ అవుతాయి.

ఇక్కడ రెండు విషయాలు ఆగి చూడాలి. మొదటిది, .32 లాంగ్‌కూ 9 ఎంఎంకూ మధ్య ఉన్న తేడా కల్పితం కాదు. మూడు రెట్లకు మించింది. పెద్ద తూటా కావాలనేవాళ్లు ఊరికే అనడం లేదు. రెండోది, మనకు అనుమతి ఉన్న మూడింటి మధ్య తేడా చాలా తక్కువ. .32 లాంగ్ తీసుకోవాలా ఏసీపీ తీసుకోవాలా అని జౌళ్ల లెక్కన వాదించుకునేవాళ్లు 28 జౌళ్ల కోసం వాదించుకుంటున్నారు. ఆ ఎంపిక నిజానికి రివాల్వర్‌కూ పిస్టల్‌కూ మధ్య జరిగే ఎంపిక. తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి తరవాతి తూటా ముందుకు వస్తుంది. పిస్టల్‌లో అయితే పైన జారే భాగమైన స్లయిడ్ లాగి, పేలని తూటాను బయటికి తోసేయాలి. పిస్టల్ సన్నగా ఉంటుంది, మ్యాగజైన్‌లో ఎక్కువ తూటాలు పడతాయి. ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే చేతిలోకి తీసుకునే మనిషికి రివాల్వర్ తక్కువ పరీక్ష పెడుతుంది.

"ఆపే శక్తి" గురించి నూరేళ్ల వాదన

గుండు తగిలిన మనిషి ఎంత త్వరగా ఆగిపోతాడన్నదాన్ని వాడుకలో ఆపే శక్తి అంటారు. ఇందులో ఎప్పుడూ రెండు పక్షాలే: పెద్ద గుండు పక్షం, సరిగా తగిలిన గుండు పక్షం. ఈ వాదన చరిత్రలో ఎటు నుంచి ఎటు తిరిగిందో చూస్తే రెండు పక్షాల బలమూ తెలుస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో మోరో అనే స్థానిక ముస్లిం యోధులతో పోరాడిన అమెరికా సైన్యం తన .38 రివాల్వర్లు దూసుకొచ్చే మనిషిని ఆపలేకపోతున్నాయని గుర్తించింది. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు చికాగో పశువధశాలల్లో రకరకాల తూటాలను పరీక్షించి, కనీసం .45 ఉండాలని తేల్చారు. ఆ పరీక్షలు శాస్త్రీయంగా ఎంత నిలుస్తాయన్నది ఇప్పటికీ చర్చే. కానీ 1911లో అమెరికా సైన్యం .45 పిస్టల్ తీసుకుంది, పెద్ద గుండు పక్షానికి అది ఏడు దశాబ్దాల పాటు పెద్ద దన్నుగా నిలిచింది.

1986 ఏప్రిల్ 11న మయామీలో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బృందానికీ ఇద్దరు దోపిడీదారులకూ మధ్య కాల్పులు జరిగి ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. దోపిడీదారుల్లో ఒకడికి మొదట్లోనే 9 ఎంఎం గుండు తగిలింది. అది చేతిలోంచి ఛాతీలోకి వెళ్లింది కానీ గుండె దాకా చేరకుండా ఆగిపోయింది. అతను ఆ తరవాత కూడా కాల్పులు సాగించాడు. దీన్నుంచి ఎఫ్‌బీఐ ఒక కొలమానం ఏర్పరచుకుంది. మానవ కండరాన్ని పోలి ఉండేలా తయారుచేసిన 10 శాతం జెలటిన్ దిమ్మెలో గుండు కనీసం 12 అంగుళాల లోతుకు వెళ్లాలి, 18 అంగుళాలు దాటకూడదు. ఆ కొలత అందుకోవడానికి మొదట 10 ఎంఎం తీసుకున్నారు. అది చాలామంది ఏజెంట్ల చేతికి బరువైంది. 1990లో .40 వచ్చింది. చివరికి 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగమే, గుండు తయారీ మెరుగుపడ్డాక ఈ తూటాలు చేసే గాయాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదని, చిన్న తూటాతో ఏజెంట్లు మరింత వేగంగా, మరింత గురిగా కాలుస్తున్నారని చెప్పి 9 ఎంఎంకు తిరిగి రావాలని వాదించింది. సంస్థ ఆ దారినే వెళ్లింది.

ఈ కథను .32కు అన్వయించేటప్పుడు జాగ్రత్త కావాలి. ఎఫ్‌బీఐ చెప్పింది 9 ఎంఎం, .40, .45 గురించి, వాటిలోనూ లోపల విచ్చుకునేలా చేసిన బోలు ముక్కు గుండ్ల గురించి. "చిన్నదైనా ఒకటే" అని వాళ్లు అన్నట్టుగా .32ను సమర్థించుకోవడం సరికాదు. మనకు దొరికే .32 తూటాల్లో ఎక్కువ గుండ్రటి ముక్కువే, అవి విచ్చుకోవు. చిన్న తూటాలో గుండు విచ్చుకుంటే మరో చిక్కు ఉంది: శక్తి తక్కువ కనుక లోతు తగ్గిపోతుంది. చేతి తుపాకీ గుండ్ల వేగానికి గాయం ప్రధానంగా గుండు తాకిన దారి వెంటే ఏర్పడుతుంది కాబట్టి, లోతు కోల్పోవడం చిన్న నష్టం కాదు. అందుకే చిన్న తూటాలకు గుండ్రటి ముక్కే మేలని వాదించేవాళ్లు ఉన్నారు.

విచ్చుకునే గుండుకు మన దేశంతో పాత బంధం ఉందని ఈ సందర్భంలో గుర్తుకొస్తుంది. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో 1890ల్లో బ్రిటిష్ సైన్యం కోసం తయారుచేసిన అలాంటి గుండ్ల వల్లే "దమ్‌దమ్ గుండు" అన్న పేరు ప్రపంచమంతా పాకింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటి వాడకాన్ని నిషేధించింది. ఆ నిషేధం దేశాల మధ్య యుద్ధాలకు సంబంధించినది, పోలీసుల వాడకానికి అది వర్తించదు.

చేతికి తగిలే తన్ను

గుండు ముందుకు వెళ్లినంత ఊపుతోనే తుపాకీ వెనక్కి తంతుంది. దీన్నీ లెక్కగట్టి చూడొచ్చు. మందు వాయువుల వాటా పక్కన పెడదాం. 700 గ్రాముల ఉక్కు రివాల్వర్ నుంచి .32 లాంగ్ కాలిస్తే తుపాకీ సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, అంటే 1.3 జౌళ్లు. అదే బరువున్న తుపాకీలో 9 ఎంఎం కాలిస్తే 4 మీటర్లు, 5.6 జౌళ్లు. తన్ను నాలుగు రెట్లు దాటింది. శిక్షణ పొంది తరచూ కాల్చే పోలీసుకు ఇది సమస్య కాదు. చేయి అలవాటు లేనివాళ్లకు మొదటి గుండు వెళ్లాక రెండోదానికి గురి కుదరడానికి పట్టే సమయం ఇక్కడే పెరుగుతుంది. అంతకన్నా చెడ్డది, తన్ను వస్తుందన్న బెదురుతో పేలకముందే మణికట్టు కిందికి వంచేయడం.

తూటా మారకుండానే తన్ను మారుతుందన్నది చాలామంది గమనించరు. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ మహిళల కోసమంటూ నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు 500 గ్రాములు, ధర అప్పట్లో లక్షా ఇరవై వేలకు పైన. హ్యాండ్‌బ్యాగులో తేలిగ్గా ఉంటుందన్నది దాని ఆకర్షణ. అదే .32 లాంగ్ తూటాను 500 గ్రాముల తుపాకీలో కాలిస్తే తన్ను 1.3 నుంచి 1.9 జౌళ్లకు చేరుతుంది, దాదాపు 40 శాతం ఎక్కువ. మోయడానికి సుఖమైనది కాల్చడానికి సుఖంగా ఉండదు. ఆడవాళ్లకు తేలికపాటి తుపాకీయే మంచిదని దుకాణాల్లో వినిపించే సలహా నాకు మొదటినుంచీ నచ్చనిది ఇందుకే. చేతిబలం తక్కువైనవాళ్లకే కాస్త బరువున్న తుపాకీ ఎక్కువ ఉపకారం చేస్తుంది.

ఏడాదికి ఎన్ని తూటాలు

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వచ్చాం. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకసారి దగ్గర ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఉదాహరణకు ఏడాదికి 100 అనుకుందాం. అందులో 20 ఇంట్లో అవసరానికని పక్కన పెడితే సాధనకు మిగిలేవి 80. నెలకు ఒక్క సిలిండర్ నింపి కాలిస్తే, ఆరు చొప్పున పన్నెండు నెలలకు 72. అంటే నెలకు ఆరు గుండ్లు. పోల్చి చూడటానికి: ఒలింపిక్స్ మహిళల 25 మీటర్ల పిస్టల్ అర్హత పోటీలో ఒక్కో క్రీడాకారిణి 60 గుండ్లు కాలుస్తుంది. లైసెన్సుదారు పది నెలల సాధన ఆమెకు ఒక్క పోటీకి సరిపోతుంది.

అందుకే సాధన తూటా, రక్షణ తూటా ఒకటే కావాలా, వేరు కావాలా అన్న ప్రశ్న వస్తుంది. ఒకటే కావాలనేవాళ్ల వాదం బలమైనదే. ఆపదలో చేతికి వచ్చేది అలవాటైన తన్ను, అలవాటైన ట్రిగ్గర్ బరువు మాత్రమే. రివాల్వర్ వెనకనుండే సుత్తిని వేలితో ముందే ఎత్తిపెట్టకుండా ట్రిగ్గర్ నొక్కాలంటే పొడవుగా, బరువుగా లాగాలి. క్రీడా పిస్టల్ ట్రిగ్గర్ దాని ముందు నీళ్లలా ఉంటుంది. .22తో వేల గుండ్లు కాల్చిన నేను మా చిన్నాన్న రివాల్వర్‌ను తొలిసారి రేంజ్‌లో ఆయన పక్కన ఉండగా కాల్చినప్పుడు, ఆరింటిలో నాలుగు టార్గెట్ నల్లచుక్కకు ఎడమ కింద పడ్డాయి. తన్నుకు బెదరలేదు. ఆ పొడవాటి ట్రిగ్గర్ లాగుతుంటే పిడికిలంతా బిగుసుకుని మూతిని పక్కకు లాగేసింది.

వేరుగా ఉండాలనేవాళ్ల వాదం అంకెల మీద నిలుస్తుంది. .22 చవక, తన్ను దాదాపు లేదు, చప్పుడు తక్కువ, క్లబ్బులో క్లబ్బు ఆయుధంతోనే సాధన చేయొచ్చు. గురి చూసేందుకు తుపాకీ మీదుండే ముందు చుక్కనూ వెనక గాడినీ ఒక వరసలో నిలపడం, ఊపిరి అదుపు, ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా నొక్కడం అనే మూడూ .22లో నేర్చుకున్నవి ఏ తూటాకైనా పనికొస్తాయి. 20 జౌళ్లకు లోబడిన 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకీకి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు రెండు కాంస్యాలు వచ్చింది అలాంటి 10 మీటర్ల గాలి పిస్టల్‌తోనే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ పోటీ .22ది.

.32ను పాతబడిన తూటా అని తీసిపారేసేవాళ్లు మరిచిపోయే విషయం ఒకటుంది. ప్రపంచ స్థాయి సెంటర్ ఫైర్ (ప్రైమర్ నడిమధ్య ఉండే తూటాల) పిస్టల్ పోటీల్లో చాలామంది ఎంచుకునేది ఈ .32 లాంగే. అక్కడ వాడే గుండుకు ముక్కు ఉండదు, కేసు మూతితో సమానంగా చదునుగా కోసినట్టు ఉంటుంది. కాగితం మీద చింపినట్టు కాక, పంచ్ చేసినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. తన్ను తక్కువ, గురి కచ్చితం. శక్తిలో వెనకబడిన తూటా గురిలో ముందు వరసలో నిలుస్తోంది.

నా అభిప్రాయం చెప్పాలంటే, నెలకు ఆరు గుండ్లు మాత్రమే కాల్చగల మనిషికి ఆ ఆరూ ఎంతో విలువైనవి, వాటిని గురి నేర్చుకోవడానికి ఖర్చు చేయడం దుబారా. గురి .22 మీద, గాలి పిస్టల్ మీద కుదరాలి. .32 తూటాలు ఆ రివాల్వర్ ట్రిగ్గర్‌నూ తన్నునూ చేతికి గుర్తు చేయడానికి మిగలాలి. అదే సమయంలో .22నే రక్షణ ఆయుధంగా పెట్టుకోవడం నేను ఒప్పుకోలేను. 117 జౌళ్లకూ 147 జౌళ్లకూ తేడా పెద్దది కాకపోవచ్చు, కానీ అంచులో ప్రైమర్ ఉన్న తూటా పేలుతుందో లేదో అన్న సందేహం ఆ సమయంలో ఉండకూడదు.

గోడ అవతల ఎవరున్నారు

జార్జిటౌన్ ఇళ్లు తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న వివరించక్కర్లేదు. రెండిళ్లకు ఒకే గోడ, అటకల మధ్య చెక్క పలకలు, ప్లైవుడ్‌తో విడదీసిన గదులు. పాతకాలపు మందపాటి ఇటుక గోడ చేతి తుపాకీ గుండును ఆపుతుంది. ప్లైవుడ్ గానీ సాధారణ తలుపు గానీ .32ను కూడా ఆపలేవు, 9 ఎంఎంను అసలే ఆపవు. గురి తప్పిన గుండు ఎటు వెళుతుందన్నది తూటా పెరిగే కొద్దీ బరువెక్కే ప్రశ్న. దాని బాధ్యత కాల్చినవాళ్లదే. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తూనే, రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయకూడదని 37వ సెక్షన్‌లో హద్దు గీశాయి. ఏ కాలిబర్ వాడారన్నది ఆ హద్దును మార్చదు.

తోలు బెల్టులోని తూటాలు

మాటల మధ్యలో చిన్నాన్న బీరువాలోంచి పాత తోలు బెల్టు తెచ్చారు. దాని కొక్కేల్లో పన్నెండు తూటాలు వరసగా గుచ్చి ఉన్నాయి. ఎన్నేళ్లుగా ఉన్నాయో ఆయనకే గుర్తు లేదు. ఒకటి బయటికి లాగి చూస్తే, తోలు తగిలిన మేర ఇత్తడి చుట్టూ పచ్చటి చిలుము పొరలా పట్టి ఉంది. గోటితో గీకితే పొడిగా రాలింది, కింద ఇత్తడి గరుకుగా, చిన్న చిన్న గుంటలతో కనిపించింది. తోలు శుద్ధిలో వాడే ఆమ్లాలు ఇత్తడిని తింటాయి, మన సముద్రపు గాలి దానికి తోడవుతుంది. అలాంటి తూటా సిలిండర్ గదిలోకి పూర్తిగా దిగదు, దిగినా కాల్చాక ఖాళీ కేసు ఇరుక్కుపోవచ్చు, అసలు పేలకపోనూ వచ్చు. ఆ పన్నెండూ 9 ఎంఎం అయినా .45 అయినా వాటి విలువ అంతే.

వాటిని లైసెన్సు ఉన్న డీలర్‌కు లెక్క చెప్పి అప్పగించారు. కొత్తగా కొన్నవాటిని వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచి, పెట్టె మీద కొన్న తేదీ రాసి, రివాల్వర్‌కు దూరంగా మరో అరలో తాళం వేశారు. దరఖాస్తులో ఆయుధం వివరాల దగ్గర తమ్ముడు .32 రివాల్వర్ అనే రాశాడు. శిక్షణ ధ్రువపత్రం కోసం వచ్చే ఆదివారం రేంజ్‌కు రమ్మన్నాను. మొదటి నెలంతా .22నే అని ముందే చెప్పాను.